ఇంజను ఆపి కూర్చున్న గంట

"ఒక గంట కూర్చోమ్మా. ఇంజను మాత్రం వెయ్యకు. గంట తర్వాత కూడా కావాలనే అనిపిస్తే అప్పుడు బేరం మాట్లాడుకుందాం," అని పళ్ల డాక్టరు గారు తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టి, షెడ్డు తలుపు సగం దాకా చేరవేసి, నడుం మీద చెయ్యేసుకుని మెల్లగా ఇంటివైపు నడిచారు. ఆయన వెనకే ఆమె భర్త, పరీక్ష హాలు దగ్గర కూతుర్ని వదిలి వెళ్లే తండ్రిలా రెండుసార్లు తిరిగి చూసి, రెండోసారి కన్ను కూడా గీటి వెళ్లిపోయాడు. ఆమె కారు తలుపు తీసింది, వంగింది, ఇంకా వంగాలని తెలిసి ఇంకాస్త వంగింది, ఒక కాలు లోపలికి జాపి మిగతా మనిషిని దాని వెనక జారవిడిచింది, నేల ఇంత దగ్గరగా ఉంటుందా అనుకుంటూ తలుపు వేసుకుంది. ఆ తలుపు ధన్‌మని మోగలేదు; బరువైన పుస్తకం మూసినట్టు చిన్న చప్పుడు చేసి ఊరుకుంది. అంతే, డాక్టరు గారి భార్య కడుగుతున్న గిన్నెలూ, పక్కింటి కుక్కా, సెలవురోజు మధ్యాహ్నం వీధిలో ఆడుకుంటున్న పిల్లలూ అందరూ ఒక్క అడుగు వెనక్కి జరిగారు. తోలు వాసన, పెట్రోలు వాసన, వాటి అడుగున ఎక్కడో సన్నగా లవంగ నూనె వాసన. నలభై ఏళ్లు జనం నోళ్లలోకి వంగి చూసిన మనిషి ఇరవై ఏళ్లు నడిపిన కారు కదా, ఆ మాత్రం వాసన ఉండదూ! ఇప్పుడా నడుమే ఆయనకి ఎదురు తిరిగింది. కూర్చోవడం కూర్చుంటారట, దిగడానికి మాత్రం మనుషులు కావాలట. "ఆయన్ని అందులోంచి లాగడం కన్నా జ్ఞానదంతం పీకడం తేలికమ్మా," అని ఆయన భార్య గుమ్మంలోనే చెప్పేసింది. డాక్టరు గారు నవ్వలేదు. అమ్మకానికి ప్రకటన ఇచ్చిన రోజు తన పన్ను తనే పీక్కున్నట్టయిందని మాత్రం అన్నారు.

గంట. ఒక్క గంట అంటే ఎంతసేపు? ఆమెకు గంట అంటే ఒక డ్రైవింగు పాఠం. గంటకొక మనిషి వచ్చి కూర్చుంటారు, చెమట పట్టిన చేతుల్ని ఒడిలో తుడుచుకుంటారు, "అక్కా, ఇవాళ రోడ్డు మీదికి వద్దక్కా, ఈ మైదానంలోనే," అంటారు, సరిగ్గా రోడ్డు మీద నాలుగు మలుపులు తిరిగి ధైర్యం వచ్చే వేళకి గంట అయిపోతుంది. ఆరేళ్లుగా ఆమె బతుకు గంటల్లో నడుస్తోంది, గంటకి నలభై దాటని వేగంతో నడుస్తోంది. ఇంజను వెయ్యకుండా కూర్చోమనడం ఏమిటో, వినగానే నవ్వొచ్చింది. కానీ డాక్టరు గారు ఆ మాట ఎంత నిష్ఠగా చెప్పారంటే నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఆయనకి ఈ కారు అమ్మిన పెద్దమనిషి కూడా ఆయన్ని ఇలాగే కూర్చోబెట్టాడట. ఇంజను వేస్తే అందరూ ప్రేమలో పడతారు, అది లెక్కలోకి రాదు, ఊరికే ఉన్నప్పుడు కూడా దాంతో కూర్చోగలిగితేనే మనిషికి కారు, కారుకి మనిషి అన్నాడట. పెళ్లికి కూడా ఇలాంటి గంట ఒకటి పెడితే బాగుండేది కదా, అనుకుంది. అనుకుని, అబ్బే, మాకు అక్కర్లేదులే, మేమిద్దరం పెట్రోలు బంకు లైన్లో ముప్పావు గంట ఊరికే కూర్చుని కూడా నవ్వుకున్నాం, అనుకుంది.

ఆ తలపు రాగానే ఒళ్లంతా తియ్యగా అయింది. పెళ్లయి నాలుగు నెలల పదకొండు రోజులు. ఇంకా రోజులు లెక్కపెడుతున్నావా అని చెల్లెలు ఏడిపిస్తుంది, ఏడిపించనీ. పొద్దున్నే వంటింట్లో టీ పొంగబోతుంటే అతను పొయ్యి మీట మీద చెయ్యి పెట్టి, చాలా గంభీరంగా, "క్లచ్ వదలనా మేడమ్?" అంటాడు. అది వాళ్ల తొలి మాట. ఏడాదిన్నర కిందట, వాన వెలిసిన ఒక సాయంత్రం, బస్సుల ఆఫీసులో ఏ బస్సు ఎన్ని నిమిషాలకి ఏ స్టాపు చేరాలో పట్టికలు వేసే గుమాస్తా ఒకడు డ్రైవింగు నేర్చుకోవడానికి వచ్చాడు. ఊళ్లో ప్రతి వీధీ ఎన్ని నిమిషాలో అతనికి కంఠతా వచ్చు, ఒక్క వీధిలోనూ సొంతంగా బండి నడిపి ఎరగడు. స్టీరింగు ముందు కూర్చుని, "క్లచ్ వదలనా మేడమ్?" అన్నాడు. వదలమంది. కారు కప్పలా ఎగిరి ఆగిపోయింది. "ఇప్పుడు మళ్లీ పట్టుకోనా మేడమ్?" అన్నాడు. అలాంటి శిష్యుణ్ని ఆమె ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. పక్కగట్టుకి చక్రం తగిలితే గట్టుకి సారీ చెప్పేవాడు. కుక్క అడ్డం వస్తే కారు ఆపి, దిగి, దాన్ని అవతలికి దాటించి వచ్చేవాడు. మూడుసార్లు పరీక్ష తప్పాడు. మూడోసారి తప్పినప్పుడు ఆమెకే అనుమానం వచ్చి, "నిజంగా రాదా, కావాలనే తప్పుతున్నారా?" అని అడిగేసింది. "మొదటి రెండుసార్లూ నిజంగానే రాలేదండీ," అన్నాడు చెవులు ఎర్రబడిపోయి. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు, నవ్వుతూనే ఉంది. ఇప్పుడు నిద్ర పట్టనిది అతనికి, కారణం వేరే, "నిద్రలో నా కాలు తొక్కుతున్నావు, ఎవరికి వేస్తున్నావు ఆ బ్రేకు?" అంటాడు. ఎవరికని చెప్పగలదు? పక్క సీటు కింద ఉండే రెండో బ్రేకు మీద ఆరేళ్లు కాలు పెట్టుకుని కూర్చున్న మనిషి. కలలో కూడా ఎవరో ఒకరు సిగ్నలు చూసుకోకుండా దూసుకుపోతూనే ఉంటారు.

ఆమె అరచెయ్యి తోలు మీద జరిపింది. ఎండకి దాని మీద చిన్న చిన్న గీతలు పడ్డాయి, నవ్వి నవ్వి కళ్ల పక్కన పడ్డ గీతల్లా. ఇంజను సీట్ల వెనకాల ఉంటుంది, సామాను పెట్టే చోటు ముందుంటుంది, గడియారంలా మధ్యలో ఉన్న పెద్ద ముల్లు వేగం చూపించదు, ఇంజను ఎంత గట్టిగా తిరుగుతోందో చూపిస్తుంది. అంతా తిరగేసిన లోకం. వెనక సీట్లు లేవు. రెండే రెండు. అత్తగారు అప్పుడే అడిగింది, "ఇద్దరే పట్టే కారు ఎందుకే, రేపు ముగ్గురైతే?" అని. "ముగ్గురయ్యాక చూద్దాంలే అత్తయ్యా, ఒకళ్లని డిక్కీలో వేస్తాం," అంటే ఆవిడ నవ్వాపుకోలేక ఫోను పెట్టేసింది. ఆమె ముందున్న చిన్న సొరుగు తీసి చూసింది. పాత రోడ్డు మ్యాపు, మడతల దగ్గర చిరిగింది, ఒక చిన్న టార్చి, ఎవరో పిల్లాడి పాలపన్ను చుట్టిన కాగితం. కాగితం మీద డాక్టరు గారి రాత, 'ఏడవలేదు' అని. ఆ పిల్లాడెవరో, ఏడవనందుకు బహుమానంగా ఈ కారులో ఒక చుట్టు తిప్పి తెచ్చి ఉంటారు. తననెవరూ తిప్పలేదు. తను ఏడ్చింది కూడాను.

అవును, ఏడ్చింది. పదకొండేళ్లప్పుడు, గవదబిళ్లలు వచ్చి, బడి మానిపించి, దవడల చుట్టూ గుడ్డ కట్టి కిటికీ దగ్గర కూర్చోబెడితే, కింద వీధిలో ఒక కారు వచ్చి ఆగింది. నేలకి అతుక్కుపోయినట్టున్న కారు. టైరు పంక్చరు. అందులోంచి ఒకావిడ దిగింది, తెల్లచొక్కా, చేతులు మోచేతుల దాకా మడిచింది, చుట్టూ మగాళ్లు మూగి, "మేం చేస్తాం, మేం చేస్తాం" అంటుంటే, "మీరు చూడండి చాలు," అని తనే జాకీ పెట్టి, తనే చక్రం మార్చి, నూనె చేతుల్ని గుడ్డతో తుడుచుకుని, ఎందుకో తల పైకెత్తింది. కిటికీలో బూరెల్లా ఉబ్బిన బుగ్గలు చూసింది. తన బుగ్గలు కూడా పూరించి, కళ్లు పెద్దవి చేసి వెక్కిరించింది. అంతే. ఎక్కి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు వచ్చిన ఆ చప్పుడు, కొత్త గుడ్డని రెండు చేతులతో సర్రున చింపినట్టు, మొదటి మలుపు దాకా, రెండో వీధి దాకా, ఆ పైన ఎక్కడి దాకానో. ఎందుకేడుస్తున్నావని అమ్మ అడిగితే దవడ నొప్పంది. ఆ నొప్పి అప్పటి నుంచీ ఉంది. గవదలు వారంలో తగ్గాయి. ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికేముంది, ఒక కారు వచ్చింది, పోయింది. పెళ్లయిన కొత్తలో ఒక మధ్యాహ్నం, బట్టలు ఆరేస్తూ, మాటల మధ్య అతనికి చెప్పింది. అతను తాడు మీద చొక్కా పట్టుకుని అలాగే నిలబడి విన్నాడు. నవ్వలేదు. ఏ రంగు అని మాత్రం అడిగాడు. మొన్న బుధవారం ఆమె టూత్‌బ్రష్షు కింద మడిచిన కాగితం ముక్క ఒకటి కనిపించింది. పేపర్లోంచి కత్తిరించిన ప్రకటన. వానకి ముందు మబ్బు రంగు, ఇద్దరు కూర్చునేది, నడిపే చేతులున్న వాళ్లకి మాత్రమే, అని ఉంది. పళ్లు తోముకోవడం మరిచిపోయి నురగ నోటితో అతన్ని కౌగిలించుకుంది.

మరిక తటపటాయింపు ఎందుకు? మెకానిక్కు వచ్చి చూసిపోయాడు, "మనిషికి డెబ్బై ఏళ్లు, కారుకి పాతికేళ్లే," అన్నాడు. ధర కూడా పళ్ల డాక్టరు గారు కావాలనే తగ్గించి చెప్పారు, దళారుల చేతిలో పడకూడదని. అదే చిక్కు. మరీ ఎక్కువ చెప్పి ఉంటే నిట్టూర్చి పక్కన పెట్టేసేది. ఇద్దరూ కలిపి దాచుకున్నది సరిగ్గా ఒక్క కారుకి సరిపోతుంది. ఇదో, అదో. అది అంటే తెల్లది, నాలుగు తలుపులది, అవతలి పేటలో ఒకాయన దగ్గరుంది, రెండో బ్రేకూ రెండో క్లచ్చూ బిగించే ఉన్నాయి, ఎల్లుండిలోగా మాట చెప్పమన్నాడు. అది వస్తే బాబాయి డ్రైవింగు బడిలో పని మానెయ్యొచ్చు. సొంత డ్రైవింగు బడి. బోర్డు మీద ఏం రాయాలో కూడా ఆలోచించేసింది. బాబాయి చెడ్డవాడు కాదు, కానీ ఆయనకి నోరూ హారనూ ఒకటే. నేర్చుకునే వాళ్ల చెవి దగ్గర ఆ హారను మోగితే వచ్చింది కూడా మరిచిపోతారు. తన దగ్గర నేర్చుకుంటున్న టైలరమ్మకి అదే జరిగింది. యాభై అయిదేళ్ల మనిషి, కుట్టుపనికి వేలికి పెట్టుకున్న ఇత్తడి టోపీ తీయడం మరిచిపోయి అలాగే స్టీరింగు పట్టుకునేది, ఆలోచిస్తున్నప్పుడు టక్ టక్‌మని దాంతో కొట్టేది. ఒకరోజు తనకి జ్వరమొచ్చి పాఠానికి బాబాయి వెళ్లాడు. నడిరోడ్డు మీద, "ఈ వయసులో నీకెందుకమ్మా ఇదంతా, సూదీ దారం చూసుకోక!" అన్నాడట. టైలరమ్మ బ్రేకు వేసింది, ఇంజను ఆపింది, హ్యాండ్‌బ్రేకు లాగింది, అన్నీ సరిగ్గా నేర్పినట్టే చేసి, దిగి, నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు వచ్చి, "నువ్వు సొంతంగా పెట్టిన రోజు కబురు చెయ్యి పిల్లా. అంతదాకా నా కాళ్లకేం తొందర లేదు," అంది. రెండేళ్లయింది. బట్టలు కుట్టించుకోవడానికి వెళ్తే కొలత తీసుకుంటుంది, దారం కొరుకుతుంది, ఏమీ అడగదు. అడిగితే బాగుండును.

"బడి వచ్చే ఏడాదీ పెట్టుకోవచ్చు. ఇది వచ్చే ఏడాదికి ఉండదు," అన్నాడు అతను, పట్టికలు వేసే గొంతుతో. "మరి నువ్వేమంటావు?" అంటే, "నీ ఇష్టం. నువ్వు ఏది కొంటే అందులో నేను పక్కన కూర్చుంటా," అన్నాడు. ఈ 'నీ ఇష్టం' అనే మాట కనిపెట్టినవాణ్ని పట్టుకుని రెండు తగిలించాలి. కాదనేవాళ్లుంటే పోట్లాడి గెలవొచ్చు, సరేననే మొగుడితో ఎక్కడ పోట్లాడతాం! కళ్లు మూసుకుంది. మూసుకోగానే కారు కదిలింది. ఇంజను వెయ్యకూడదన్నారు గానీ కల వెయ్యకూడదనలేదుగా. షెడ్డు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి, వీధి చివరి దాకా బుద్ధిగా వెళ్లింది, తర్వాత ఊరు అయిపోయింది, తర్వాత కొండ మొదలైంది. పైకి పోయే రోడ్డు, కొడవలి లాంటి మలుపులు, ఒకవైపు రాయి, ఒకవైపు ఖాళీ, ఎండ ముఖం మీద పడుతూ తప్పుకుంటూ, రెండో గేరు, మూడో గేరు, వెనకనుంచి ఆ చప్పుడు, గుడ్డ చింపిన చప్పుడు, ఒళ్లంతా సీటులోకి వెనక్కి ఒత్తేస్తూ. మలుపు వస్తోంది, ఇప్పుడు తగ్గించు, మలుపులోకి వెళ్లాక కాదు, ముందే, ఆఁ, అదీ, ఇప్పుడు చూపు రోడ్డు మీద కాదు, నువ్వు వెళ్లాల్సిన చోట పెట్టు, చెయ్యి దానంతటదే వస్తుంది, భయపడకు, నేనున్నాగా, ఇప్పుడు వదులు, ఇంకా వదులు, చూశావా, చూశావా, నువ్వే తిప్పావు! పక్కనుంచి టక్ టక్‌మని ఇత్తడి చప్పుడు, ఆ వెంటనే చిన్నపిల్లలా కిలకిలా నవ్వు. ఆమె కళ్లు తెరిచింది.

కళ్ల ముందు స్టీరింగు లేదు. సొరుగుంది. మూత తెరిచే ఉంది. మడతపెట్టిన మ్యాపు, టార్చి, పాలపన్ను కాగితం. కుడికాలు నేలకేసి గట్టిగా తొక్కిపట్టి ఉంది, అక్కడ ఏ బ్రేకూ లేదు, తివాచీ ఒక్కటే ఉంది. స్టీరింగు అవతలి సీటు ముందుంది. ఆ సీటు ఖాళీగా ఉంది. తాళంచెవి చేతికిచ్చి కూర్చోమంటే, పదహారేళ్లు కలవరించిన కారు తలుపు తీస్తే, తను వచ్చి తిన్నగా పక్క సీటులో కూర్చుంది! అరగంట కూర్చుంది. హాయిగా కూర్చుంది. ఒక్కసారి కూడా తేడా తెలియలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిన దాని కథ విని నవ్వేది, ఇప్పుడా కథ తనదే. నవ్వింది, పగలబడి, ఎవరూ లేని షెడ్డులో, చేత్తో నోరు మూసుకుని. ఆ నవ్వు సగంలో ఎక్కడో గతుకు తగిలి కళ్లలోకి వచ్చేసింది. ఆ కొండ ఎక్కింది ఎవరు? తను కాదు. సొంత కలలో, అడిగేవాడు లేని చోట, పెట్రోలు ఖర్చు లేని చోట కూడా తను స్టీరింగు పట్టుకోలేదు. టైలరమ్మని కూర్చోబెట్టింది. ఇదేమిటి, ఆరేళ్ల కూలి నన్ను ఇంతలా మలిచేసిందా, అని రోషం వచ్చింది. రోషంతో పాటే, ఆ 'నువ్వే తిప్పావు' అన్నప్పుడు గుండెలో పొంగిన సంతోషం ఇంకా చల్లారకుండా అక్కడే ఉంది, పాలు దించేశాక కూడా గిన్నె వేడిగా ఉన్నట్టు. నేర్చుకునే మనిషి భయం మరిచిపోయే క్షణం ఒకటుంటుంది, ఆ భయంతో పాటు నేర్పే మనిషిని కూడా మరిచిపోతారు, పక్కనొకరున్నారన్న సంగతే ఉండదు. ఆ క్షణం కోసమే పొద్దున్నే లేస్తుంది. ఆ సంగతి తనకి తెలుసా? తెలుసేమో. తెలిసినా ఒప్పుకోలేదేమో.

దిగి అటు వెళ్లడానికి సిగ్గేసింది, కిటికీలోంచి ఎవరైనా చూస్తే! గేరు రాడ్డు మీదుగా, మోకాలు తలకి తగిలేలా, మోచెయ్యి అద్దానికి కొట్టుకుని, అవతలి సీటులోకి పాకింది. కూర్చుంది. సీటు డాక్టరు గారి కొలతకుంది, ముందుకి జరుపుకుంది. అద్దం సరిచేసుకుంది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టింది. సన్నని స్టీరింగు, చేతులు పడేచోట నున్నగా అరిగింది, ఎదుటివాళ్ల అరచెయ్యి పట్టుకున్నట్టుంది. కుడికాలి కింద నిజం బ్రేకు, పక్కన నిజం యాక్సిలరేటరు, ఎడమచేతికి చల్లగా గేరు రాడ్డు తల. అప్పుడొచ్చింది అసలు ఆశ. ఇందాకటిది కల, తియ్యగా ఉంది. ఇది తియ్యగా లేదు. ఆకలేసినట్టుంది. పొట్టలోంచి లేచి భుజాల దాకా, వేళ్ల చివర్ల దాకా, ఇప్పుడే, ఇవాళే, నాకే, ఎవరూ పక్కన లేకుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా. తెల్లచొక్కా ఆవిడ ఆ రోజు పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోలేదు. తాళంచెవి అరచేతిలో చెమటకి తడిసింది. తిప్పలేదు. తిప్పకుండా ఉండటం ఎంత కష్టమో ఆ తిప్పని మిగతా అరగంట ఆమెకి నేర్పింది. బోర్డూ, టైలరమ్మా, బాబాయి హారనూ, ఎల్లుండీ అన్నీ వచ్చి అద్దం ముందు నిలబడ్డాయి, స్టీరింగు పట్టుకుని ఉన్న చేతులు మాత్రం ఒక్కదానికీ దారి ఇవ్వలేదు. ఒకటి గెలిచి ఇంకొకటి ఓడితే సుఖంగా ఉండేది. ఏదీ ఓడలేదు.

టకటకమని అద్దం మీద వేళ్లు. డాక్టరు గారు వంగలేక వంగి చూస్తున్నారు, వెనక ఆమె భర్త, చేతిలో రెండు టీ కప్పులు, ఒకటి ఆమెకి.

"ఇటెప్పుడు మారావమ్మా? కిటికీలోంచి చూస్తున్నాం, అటు కదూ కూర్చున్నావు! నడిపేది ఈ అబ్బాయి కాబోలు అంటోంది మా ఆవిడ."

"నేనా? నేను నడిపితే ఇది గేటు దాకా కూడా రాదండీ," అన్నాడు అతను.

"సరే, గంటయింది. చెప్పు తల్లీ. కావాలా?"

"కావాలండీ," అంది. గొంతు తనది కాదేమో అన్నంత గట్టిగా వచ్చింది. "చాలా కావాలి. కానీ కొనను."

డాక్టరు గారు నాలుకతో వెనక పన్ను ఒకటి తడుముకున్నారు. "ఇదెక్కడి పేచీ అమ్మా! నలభై ఏళ్లలో నొప్పి ఉందంటూనే పీకొద్దన్న వాళ్లని చూశాను గానీ..."

"మేడమ్," అన్నాడు అతను, మెల్లగా.

"నువ్వు మాట్లాడకు. నువ్వింకొక్క మాట మాట్లాడితే కొనేస్తాను," అంది. అతను నోరు మూసుకున్నాడు. అతని కళ్లు మూసుకోలేదు, అదే కష్టంగా ఉంది. "రేపు ఆ తెల్లదాని ఆయనకి ఫోను చేద్దాం. ఎల్లుండి దాకా ఆగితే నా మీద నాకు నమ్మకం లేదు." తర్వాత డాక్టరు గారి వైపు తిరిగి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "ఒక్కసారి నడపనివ్వండి. నేను ఒక్కదాన్నే."

"కొననంటూ?"

"కొంటే రోజూ నడుపుతాను కదండీ. కొనను కాబట్టే."

ఆయన నడుం మీద చెయ్యి తీసి, తనే వెళ్లి షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచారు. "ఊరి చివర పెద్ద రోడ్డుంది. పెట్రోలు బంకు దాటగానే మలుపొస్తుంది. అక్కడ తిప్పుకుని వచ్చెయ్," అన్నారు, అటుగా చూడకుండా. అతను గేటు దాకా కారు పక్కన నడిచాడు. ఎంతసేపటికి వస్తావని అడగలేదు, అతనికి అది ఎంత కష్టమో ఆమెకి తెలుసు. కప్పులు రెండూ ఒక చేతిలోకి మార్చుకుని, ఖాళీ చేతిని ఒక్కసారి కారు మీద పెట్టి తీసేశాడు.

వీధి చివరి దాకా బుద్ధిగా వెళ్లింది. పెద్ద రోడ్డు వచ్చింది, ఖాళీగా, ఎండలో. రెండో గేరు, మూడో గేరు, పాదం కిందికి దిగింది, వెనక ఎక్కడో పెద్ద జంతువు నిద్రలేచి ఒళ్లు విరుచుకుంది, ఆ పైన అది అరిచింది, ఆమె వీపు సీటులోకి వెళ్లిపోయింది, చెట్లన్నీ ఒకటే చెట్టయిపోయాయి. నోట మాట లేదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. అద్దం చూడు అననక్కర్లేదు, చూసింది. తగ్గించు అననక్కర్లేదు, తగ్గించలేదు. పెట్రోలు బంకు వచ్చింది, దాని వెంటే మలుపు వచ్చింది, ఆమె దాన్ని చూసింది, చేతులు కూడా చూశాయి, చేతులు కదల్లేదు, మలుపు పక్కనుంచి గీతలా వెళ్లిపోయింది. ఇంకొక్కటి, అనుకుంది. ఇంకొక్కటి ఎంత దూరముందో ఆమెకి తెలియదు, అది రాకపోతే బాగుండుననుకుంది. వచ్చింది. వేగం ముందే తగ్గించింది, మలుపులోకి వెళ్లాక కాదు, శుభ్రంగా తిరిగింది. వచ్చేటప్పుడు మాత్రం దారి అయిపోకూడదని రెండో గేరులో, రోడ్డు అంచున, ఎండ ముఖం మీద పడనిస్తూ, నడిచే మనిషిలా మెల్లగా వచ్చింది. వెనకనుంచి ఒక ముసలాయన సైకిలు మీద గంట మోగించుకుంటూ వచ్చి, ఇంత కారు ఎందుకిలా పాకుతోందోనని లోపలికి తొంగిచూసి, ఆమెను దాటుకుని వెళ్లిపోయాడు.